థాయ్‌లో బహువచనం లేదనే మాట సగమే నిజం

థాయ్ భాషలో ఏకవచనం బహువచనం తేడా లేదంటారు, మరి ఒకటో పదో ఎలా తెలుస్తుంది అని అడిగారు. బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసినప్పుడు మనవాళ్ళు చాలామంది "థాయ్ ఈజీ రా, గ్రామరే లేదు" అనేవాళ్ళు, వింటే ఒళ్ళు మండేది నాకు. మన "లు" లాంటిది చివర తగిలించరు, అంతవరకే నిజం. కుక్కని "మా" అంటారు, పది ఉన్నా "మా"నే. చాలాసార్లు సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది, చెప్పరు కూడా. కానీ లెక్క వచ్చిందంటే మాత్రం "మా సామ్ తువ" అనాలి, అంటే కుక్క, మూడు, ఆ తర్వాత జంతువుల్ని లెక్కపెట్టే మాట. మనుషులకైతే ఖోన్, పుస్తకానికి లెమ్, కారుకి ఖన్, కోడిగుడ్డుకి ఫోంగ్. గొడుగుకి కూడా ఖన్నే, కత్తికీ కొవ్వొత్తికీ లెమ్మే.

మా అపార్ట్‌మెంట్ కింద చిన్న కొట్టు ఉండేది, సాయంత్రం ఆ కొట్టు నడిపే ఆవిడ తన మనవడికి హోంవర్క్ చేయించేది. అక్కడ స్కూల్లో ఈ లెక్కమాటలు మనం ఎక్కాలు వల్లించినట్టే నేర్పిస్తారు. ఆవిడ మంచినీళ్ళ సీసాలు ఫ్రిజ్‌లో సర్దుకుంటూనే ఒక్కొక్కటి అడుగుతుంది, వాడు నేలమీద బోర్లా పడుకుని చెప్తుంటాడు. ఏనుగు అంది. వాడు ఠక్కున తువ అన్నాడు. ఆవిడ సీసా కింద పెట్టి, అడవి ఏనుగైతే తువ, మనిషి పెంచేదైతే "చువక్" అని గట్టిగా చెప్పింది. చువక్ అంటే తాడు, మచ్చిక చేసిన ఏనుగుకి తాడు ఉంటుంది కదా! తర్వాత బౌద్ధ సన్యాసి. వాడు "ఓంగ్" అన్నాడు, వీధిలో చాలామంది అలాగే అంటారు మరి, ఆవిడ ఒప్పుకోలేదు, "రూప్" అనాల్సిందే అంది. ఆ రూప్ మన రూపమే, సంస్కృతం నుంచి పోయింది, ఓంగ్ కూడా మన అంగం. ఓంగ్ బుద్ధుడి విగ్రహాలకీ రాజకుటుంబానికీ వాడాలట.

నా పాయింట్ ఇదే. మనం ఒక్క మనిషినే "వారు వచ్చారు" అని బహువచనంలో పెట్టి గౌరవం ఇస్తాం, వాళ్ళు ఆ గౌరవాన్ని లెక్కపెట్టే మాటలో కూడా పెట్టుకున్నారు. ఇంత ఉన్న భాషని పట్టుకుని గ్రామర్ లేదంటే ఎలా? మనకీ ఇద్దరు, ముగ్గురు వేరు, రెండు, మూడు వేరు కదా, ఈ విషయం మనకే అందరికంటే తొందరగా అర్థం కావాలి. అసలు ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలు "మా క్లాస్‌లో మూడు అమ్మాయిలు" అంటున్నారు, పెద్దవాళ్ళు విని ఊరుకుంటున్నారు, అది నాకు ఇంకా బాధ.

సరే, మీ ప్రశ్నకొస్తే, అంకె లేకుండా ఎక్కువమందిని చెప్పడానికీ దారులున్నాయి. "డెక్ డెక్" అంటే పిల్లలు, "ఫుయన్ ఫుయన్" అంటే ఫ్రెండ్స్, కానీ ఇలా రెండుసార్లు అనడం ఎక్కువగా మనుషుల మాటలకే, కుక్కకీ కుర్చీకీ చేయొద్దు. "ఫువక్ రావ్" అంటే మనందరం, "లాయ్ ఖోన్" చాలామంది, "థుక్ ఖోన్" అందరూ. యాప్‌లలో ఇంగ్లీష్ అక్షరాల్లో చూసి మాత్రం నేర్చుకోకండి, అందులో స్వరం, అంటే గొంతు ఎక్కడ పెంచాలో ఎక్కడ దించాలో, సరిగ్గా తెలీదు, "మా"ని పలికే తీరుని బట్టి కుక్క అవుతుంది, గుర్రం అవుతుంది, రావడం కూడా అవుతుంది. థాయ్ లిపి ముందు నేర్చుకోండి. కొత్త పేరు నేర్చుకున్న ప్రతిసారీ దాని లెక్కమాట కూడా కలిపే బట్టీ పట్టండి, విడిగా తర్వాత నేర్చుకుందాంలే అంటే రాదు. ఏదీ గుర్తు రాకపోతే చిన్న చిన్న వస్తువులకి "అన్" అనేయొచ్చు, కొట్లో వాళ్ళకి అర్థమవుతుంది, మనుషులకి మాత్రం ఎప్పుడూ అలా అనకండి.