కడపలో కూర్చుని డైనోసార్లు గీస్తూ బతకవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. డైనోసార్లు, రెక్కల గుర్రాలు, కొమ్ముల చేపలు తప్ప ఇంకేమీ గీయదు. కడపలోనే ఉండి ఈ పనితో బతకగలదా?

బతకగలదు. నేను పదకొండేళ్ళుగా కడపలోనే ఉండి, పిల్లల పుస్తకాలకూ బోర్డు ఆటలకూ ఇవే బొమ్మలు వేస్తున్నాను. అయితే మొదటి నాలుగేళ్ళు నా ఇంటి అద్దె కట్టినవి పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు. ఆ సంగతి దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పలేను.

నా పని తెలిసినవాళ్ళు తరచూ అడిగేది ఒకటుంది: మన రాళ్ళ కింద డైనోసార్ల ఎముకలు ఉన్నాయా అని. లేవు. మీ ఇంటి గచ్చులో పరిచిన నల్ల కడప బండ, భూమి మీద డైనోసార్ అనేది పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ళ ముందే ఏర్పడింది. తెలుగు నేల మీద వాటి ఎముకలు దొరికింది ప్రాణహిత-గోదావరి లోయలో. అక్కడ యామన్‌పల్లి దగ్గర బయటపడిన కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. సెలవుల్లో మీ అమ్మాయిని తీసుకువెళ్ళి చూపించండి. దాని ఒంటి ఎముకలు చాలావరకు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. గీసేవాళ్ళు దాని దగ్గరి బంధువుల పుర్రెలు చూసి తల కల్పించుకోవాలి. మా పనిలో ఊహకు ఉన్న చోటు దాదాపు అంతే. మెడ దాకా కొలతలు, మెడ పైన ఊహ.

ఇది నాకు తన్ని నేర్పిన పాఠం. మొదట్లో ఒక పిల్లల పుస్తకానికి టి. రెక్స్ అనే వేట డైనోసార్ బొమ్మ వేశాను. తొమ్మిది రోజుల పని. చర్మం మీద ఒక్కొక్క పొలుసునూ ముచ్చటపడి దిద్దాను. పరిశీలనకు పంపితే, దాన్ని చూసిన శాస్త్రవేత్త పొలుసుల జోలికే పోలేదు. చేతుల చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి వెనక్కి పంపారు. నేను దాని అరచేతులను నేల వైపు వంచాను, కుందేలు ముందుకాళ్ళలాగా. ఆ మణికట్టు అలా తిరగదు. భజనలో తాళాలు పట్టుకున్నవాడి చేతుల్లా అరచేతులు ఎదురెదురుగా ఉండాలి. భుజం దగ్గర నుంచి మళ్ళీ వేశాను. పొలుసులన్నీ పోయాయి.

అప్పటి నుంచి ఆదివారం ఉదయం చికెన్ కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాను, కూరకు కాదు, కాళ్ళకు. కోసిన కోడి కాలు తెచ్చి చూడమనండి. తెగిన చోట తెల్లటి దారంలాంటిది కనిపిస్తుంది. దాన్ని పట్టి లాగితే వేళ్ళు టక్కున ముడుచుకుంటాయి. మా చిన్నప్పుడు దీంతో చెల్లెళ్ళను భయపెట్టేవాళ్ళం. ఇప్పుడు అదే నా పాఠ్యపుస్తకం. వేలు ముడుచుకున్నప్పుడు కింది మెత్తలు ఎలా నొక్కుకుంటాయి, పై పొలుసులు ఎక్కడ విడతాయి, గోరు ఏ వైపు తిరుగుతుంది, ఇవన్నీ చేతిలో పెట్టుకుని చూడవచ్చు. పక్షులు డైనోసార్ల వంశమే కాబట్టి ఇంతకంటే దగ్గరి నమూనా మనకు దొరకదు.

దొరుకుతుంది, ఒకటి మరిచాను: ఈము. ఆమధ్య ఈము పెంపకం జోరు మీద ఉన్న రోజుల్లో మా బంధువు ఒకాయన కూడా ఫారం పెట్టి చేతులు కాల్చుకున్నాడు. ఆయన నష్టం నాకు లాభమైందని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, అమ్ముడుపోక మిగిలిన ఆ పక్షుల ముందు వేసవంతా కూర్చున్నాను. ఈము కూర్చునేటప్పుడు కాలు వెనక్కి విరిగినట్టు మడుచుకుంటుంది. చూసినవాళ్ళు దాన్ని మోకాలు అనుకుంటారు. అది చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన రోజున నా రెండు కాళ్ళ డైనోసార్లన్నీ నిటారుగా నడిచే మనుషుల్లా కాకుండా, ముందుకు వంగి, తోకతో తూకం వేసుకుంటూ నడవడం మొదలుపెట్టాయి.

రంగుల్లోనైనా మన ఇష్టం చెల్లుతుందా అంటే, అన్నిటికీ చెల్లదు. చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఈకల్లో మిగిలిన రంగు రేణువులను పరిశీలించి, దాని తోక మీద ఎరుపు గోధుమ, తెలుపు పట్టీలు ఉండేవని 2010లో ప్రకటించారు. దానికి పచ్చ రంగు వేస్తే ఇక తప్పే.

రెక్కల గుర్రాల సంగతి. వాటికి ఎముకలు దొరకవు కదా, ఎలాగైనా గీయవచ్చనుకుంటే పొరపాటు. తాడిపత్రి చింతల వెంకటరమణ స్వామి గుడి మండపంలో సింహంలాంటి యాళి మృగాలు చెక్కిన స్తంభాలను దగ్గర నుంచి చూడమనండి. అలాంటి మృగం ఎక్కడా లేదు. అయినా వెనక కాళ్ళ మీద లేచినప్పుడు తొడ ఎలా బిగుస్తుందో, బరువు ఎక్కడ దిగుతుందో ఆ శిల్పికి తెలుసు, అందుకే నమ్ముతాం. గుర్రానికి రెక్క పెట్టాలంటే ముందు ఆ రెక్కను లాగే కండ ఎక్కడ అతుక్కుంటుందో తేల్చాలి. నేను వేసిన మొదటి పదిహేను గుర్రాలకు రెక్కలు వీపు మీద జిగురుతో అంటించినట్టు ఉండేవి.

ఇక డబ్బు. పని నేర్చుకోవడం కన్నా రాతకోతలు నేర్చుకోవడం నాకు కష్టమైంది. ఒక ప్రచురణకర్త పుస్తకం కవరుకని వేయించుకున్న డ్రాగన్‌ను తర్వాత స్కూలు బ్యాగుల మీద చూశాను. అడిగితే కాగితం చూపించమన్నారు. నా దగ్గర కాగితమే లేదు. మన 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవారిదే. అందుకని ఇప్పుడు బొమ్మ ఎక్కడెక్కడ వాడతారు, ఎన్నిసార్లు దిద్దాలి, సగం డబ్బు ముందుగా ఎప్పుడిస్తారు అన్న మూడూ రాసుకోకుండా పెన్సిల్ ముట్టను. రెండుసార్లకు మించి దిద్దమంటే అదనం తీసుకుంటాను. ఇలా అడిగినందుకు కొందరు మళ్ళీ ఫోన్ చేయలేదు.

మీ అమ్మాయికి ఇప్పుడే ఖరీదైన టాబ్లెట్ కొనకండి. ఒక ఏడాది పెన్సిలు, కాగితం చాలు. వారానికి పది కాళ్ళు గీయమనండి: కోడి, మేక, ఎద్దు, ఏది కనబడితే అది. ముందు కోడి కాళ్ళకు కొట్టు వాడిని మంచి చేసుకోవాలి. మా వీధి చివర కొట్టాయన మొదట్లో "పులుసుకా?" అని అడిగేవాడు. ఇప్పుడేమీ అడగకుండా, కాళ్ళు విరగకుండా విడిగా కవర్లో కట్టి ఇస్తున్నాడు.