కడుపుతో ఉన్నప్పుడు చలవకని ఒక గ్లాసు కల్లు తాగొచ్చా? నా అనుభవంతో జవాబు

చెల్లెమ్మా, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నాలుగో నెల నడుస్తోంది, ఎండలకి ఒళ్ళు వేడి చేసిందని అత్తగారు పొద్దున్నే ఒక గ్లాసు తాటికల్లు తాగమంటున్నారు, తాగొచ్చా అన్నది ఒకటి. నెల తప్పిన సంగతి తెలియకముందు యానాంలో పెళ్ళి విందులో రెండు గ్లాసుల వైన్ తాగాను, బిడ్డకేమైనా అవుతుందా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: వద్దు. కల్లే కదా అనుకున్నా వద్దు, ఒక్క గ్లాసే అన్నా వద్దు. రెండోదానికి కాస్త నిదానంగా చెప్తాను. మీరు రాసిన తీరు చూస్తే రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టడం లేదనిపించింది.

నేను డాక్టర్‌ని కాదు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 2014లో మొదటి కాన్పుకి, ఏడో నెల సీమంతం అయ్యాక పుట్టింటికి తీసుకొచ్చారు. మార్చి నెల, తాటిచెట్లు గీసే రోజులు. మా అమ్మమ్మ తెలిసిన గీత కార్మికుడికి చెప్పి రోజూ పొద్దున్నే కల్లు తెప్పించేది. "పొద్దుటి కల్లు తియ్యగా ఉంటది, మత్తుండదు, కడుపులో బిడ్డకి చలవ" అని స్టీలు గ్లాసులో పోసి ఇచ్చేది. నాలుగు రోజులకి నాకు దగ్గు పట్టుకుంది. అప్పుడు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల బ్రాందీ కలిపి రాత్రి పడుకునే ముందు తాగించింది. మా ఇంట్లో తాగుడు అలవాటున్న వాళ్ళు ఒక్కరూ లేరు. ఆ బ్రాందీ సీసా బీరువాలో అమృతాంజనం పక్కనే ఉండేది. జలుబుకి అదీ ఇదీ ఒకటే మా వాళ్ళకి. మన భాషలో కూడా రెండిటికీ 'మందు' అనే మాటే కదా. నాకూ అది సారా అని గానీ, మద్యం అని గానీ ఒక్కసారి కూడా తట్టలేదు. ప్రేమతో ఇస్తే తాగాను.

అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. "గర్భిణులు మద్యం తాగకూడదు" అంటే మన వైపు అందరూ తల ఊపుతారు, అది ఎవరికో చెప్పిన మాట అనుకుంటారు. మనింట్లో అది మద్యం పేరుతో రాదు. చలవ పేరుతో, దగ్గు మందు పేరుతో, బలం పేరుతో, పెద్దవాళ్ళ చేతిమీదుగా వస్తుంది.

అంగన్‌వాడీ దగ్గర చెకప్‌కి వెళ్ళినప్పుడు ఏఎన్‌ఎమ్ గారు ఏం తింటున్నావని అడిగితే మామూలుగా అన్నీ చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. "ఈసారి హాస్పిటల్‌కి వచ్చేటప్పుడు మీ మామ్మగారిని కూడా తీసుకురా అమ్మా" అన్నారు, అంతే. తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ నాతో కాదు, మా అమ్మమ్మతోనే మాట్లాడారు.

మా అమ్మమ్మ నమ్మకం ఏమిటంటే, మాయ అన్నిటినీ వడగట్టి మంచిదే బిడ్డకి పంపుతుందని. డాక్టరమ్మ చెప్పింది వేరు. మద్యాన్ని మాయ ఆపలేదు. తల్లి రక్తంలోకి చేరింది చేరినట్టే బొడ్డుతాడు గుండా బిడ్డ రక్తంలోకి పోతుంది. తల్లికి లివర్ ఉంది, గంటల్లో దాన్ని కరిగించుకుంటుంది. బిడ్డ లివర్ ఇంకా తయారవుతూ ఉంటుంది, దానికి ఆ శక్తి లేదు. పైగా ఉమ్మనీటిలో కూడా కొంత నిలుస్తుంది, బిడ్డ ఆ నీటినే మింగుతూ ఉంటుంది. అంటే తల్లికి మత్తు అనిపించనంత తాగినా బిడ్డ మాత్రం అందులో ఎక్కువసేపు ఉంటుంది.

ఇక పొద్దుటి కల్లు సంగతి. చెట్టు నుంచి కారేటప్పుడు అది తీపి రసమే. కానీ కుండలో పడ్డ దగ్గర్నుంచే పులియడం మొదలవుతుంది. రాత్రంతా కట్టి ఉన్న కుండ పొద్దున దించేసరికే అందులో ఎంతో కొంత మద్యం ఉంటుంది. ఎండెక్కేసరికి నాలుగైదు శాతం దాకా చేరుతుంది, అంటే మామూలు బీరంత. అలా పులిసిన 200 మిల్లీలీటర్ల గ్లాసు కల్లులో 6 నుంచి 8 గ్రాముల మద్యం ఉంటుంది. 30 మిల్లీలీటర్ల బ్రాందీలో ఉండేది 10 గ్రాములు. పెద్ద తేడా ఏముంది చెప్పండి? సున్నం పూసిన కుండలో దించి, చల్లగా ఉంచిన నీరా వేరు, అది పులియదు. కానీ వీధిలోకి వచ్చిన కుండ ఎప్పుడు దించిందో, ఎలా దించిందో మనకి తెలిసే దారి లేదు. కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపి పట్టుబడ్డ సందర్భాలు కూడా ఉన్నాయి.

మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. "మేవందరం తాగే కన్నాం, మా పిల్లలకేమయ్యింది?" అంది. మీ అత్తగారు కూడా ఇదే అంటారు, సిద్ధంగా ఉండండి. దీనికి జవాబు ఉంది. అందరు పిల్లలకీ ఒకేలా దెబ్బ తగలదు. ఎంత తాగారు, ఏ నెలలో తాగారు, తల్లి తిండి ఎలా ఉంది, ఇలా చాలా వాటి మీద ఆధారపడుతుంది. ఎవరికి తగులుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో జోన్స్, స్మిత్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అంతకు ఐదేళ్ళ ముందే ఫ్రాన్స్‌లో లెమోయిన్ అనే డాక్టర్ 127 మంది పిల్లల్ని చూసి ఇదే సంగతి రాశారు. ఎక్కువ దెబ్బతిన్న పిల్లలకి పైపెదవి పల్చగా, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి లేకుండా చదునుగా, కళ్ళు చిన్నగా ఉంటాయి. ఎదుగుదల తక్కువ. కానీ ఎక్కువమందిలో ముఖం చూస్తే ఏమీ తెలియదు. బడికెళ్ళాక బయటపడుతుంది: చెప్పింది గుర్తుండదు, కుదురుగా కూర్చోలేరు, లెక్కలు ఎక్కవు, కోపం ఆపుకోలేరు. మనం వాళ్ళని మొద్దు అంటాం, కొడతాం. పదేళ్ళ కిందట తల్లికి ఏం తాగించామో ఎవరికీ గుర్తు రాదు. "మా పిల్లలకేమయ్యింది" అనే మాట నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అందుకే.

మా అబ్బాయి బాగున్నాడు, బాగా చదువుతున్నాడు. దాన్ని రుజువుగా తీసుకోకండి. వాడికి ఏమీ కాలేదన్నది మా అదృష్టం, బ్రాందీ మంచితనం కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తెలియక తాగిన ఆ రెండు గ్లాసుల వల్ల బిడ్డకి లోపం వచ్చి తీరుతుందని కాదు. ఎక్కువ ప్రమాదం రోజూ తాగడంలో, ఒకేసారి ఎక్కువ తాగడంలో ఉంది. ఇంతవరకు తాగితే ఫర్వాలేదు అనే హద్దు మాత్రం లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అసలు తాగొద్దనే చెప్తుంది. బిడ్డ మెదడు తొమ్మిది నెలలూ తయారవుతూనే ఉంటుంది. కాబట్టి మానేసిన రోజు నుంచీ అంతా లాభమే. ఈ భయంతో కడుపు తీయించుకోవాలని మాత్రం ఆలోచించకండి. ఐదో నెలలో టిఫా స్కాన్ ఉంటుంది కదా, దానికి ముందే డాక్టర్‌కి ఏ వారంలో ఎంత తాగారో దాచకుండా చెప్పండి. స్కాన్‌లో అవయవాలు కనిపిస్తాయి గానీ పిల్లవాడి జ్ఞాపకశక్తి కనిపించదు, అందుకే పుట్టాక కూడా ఎదుగుదల గమనించుకోమంటారు. మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. తెలియని రోజుకి మీ తప్పు ఏముంది?

ఇది చదువుతున్న మిగతా వాళ్ళకి ఒక మాట. ఊడ్పులకి, రొయ్యల చెరువుల పనికి వెళ్ళే మన ఆడవాళ్ళు కొందరు ఒళ్ళు నొప్పులకి రాత్రి కొంచెం వేసుకుంటారు, కడుపుతో ఉన్నా పని మానే వీలుండదు. వాళ్ళని తిట్టకండి. రోజూ బాగా అలవాటున్న వాళ్ళు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకని డాక్టర్ సాయంతోనే మానాలి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. భర్త తాగుతూ భార్యని మానమంటే అది జరిగే పని కాదు, ఈ తొమ్మిది నెలలూ ఆయనా సీసా ఇంట్లోకి తేకూడదు.

కాన్పు అయ్యాక మళ్ళీ ఇదే మొదలవుతుంది, ఇప్పుడే చెప్తున్నా. బాలింతకి బ్రాందీ, నడుం గట్టిపడడానికి అరిష్టాలు. దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో మద్యం ఉంటుందని లేబుల్ మీదే రాసి ఉంటుంది. తల్లి రక్తంలో ఎంత ఉంటే పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. ఇక చంటిబిడ్డకి జలుబని నోట్లో బ్రాందీ చుక్క వేయడం చాలా ప్రమాదం, పసివాళ్ళ రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

చలవకి మన దగ్గర లోటేముంది? కోనసీమలో ఉండి కొబ్బరినీళ్ళకి కరువా? మజ్జిగ, బార్లీ నీళ్ళు, ముంజెలు. ముంజెలు అదే తాటిచెట్టువి, అత్తగారికి అలా చెప్పి చూడండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఈసారి వెళ్ళేటప్పుడు అత్తగారిని వెంటబెట్టుకెళ్ళండి. కల్లు మాట మీరు ఎత్తకండి, ఆవిడనే అడగనివ్వండి. మా అమ్మమ్మ ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న స్టీలు గ్లాసులో కొబ్బరినీళ్ళు ఉన్నాయి.