గోపురమా, గుమ్మటమా?

సందేహం: ఏథెన్స్‌లోని కప్నికరేయా అనే చిన్న బైజాంటైన్ చర్చి గురించి రాస్తూ ‘చర్చి గోపురం నాలుగు స్తంభాల మీద నిలిచింది’ అన్నాను. ‘గుమ్మటం’ అనాలని మిత్రులొకరు దిద్దారు. ఏది సరి? దాని కింది గుండ్రటి గోడను ఏమనాలి? ‘1834లో కూల్చబడబోయి, బవేరియా రాజు లుడ్విగ్ చేత కాపాడబడింది’ అన్న వాక్యం సరేనా?

సమాధానం: మీ మిత్రుల మాటే సరి. ‘పురద్వారం తు గోపురమ్’ అని అమరం. తిరుమల ఆనందనిలయ విమానాన్నీ వాడుకలో బంగారు గోపురమే అంటున్నాం కనుక ఆ మాటను తప్పనను. కానీ ‘చర్చి గోపురం’ అనగానే మనవాళ్లకు తోచేది గంట వేలాడే, కోసుదేలిన ఎత్తైన కట్టడం. 11వ శతాబ్దపు ఈ చర్చికి ఉన్నది బోర్లించిన గిన్నెలాంటి బోలు కప్పు, లోపల నిలబడి తలెత్తి చూసేది. పారసీ ‘గుంబద్’ నుంచి వచ్చిన గుమ్మటం దానికి అచ్చంగా అమరుతుంది. కుతుబ్‌షాహీ సమాధులు చూసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

కింది గోడకు ‘గ్రీవం’ వాడండి. మన విమానంలో శిఖరం కింది మెడ పేరదే. అయితే ‘గుండ్రటి’ తీసేయండి. ఇక్కడ ఆ గ్రీవం బయటికి ఎనిమిది పలకలుగా ఉంటుంది, పలకలు కలిసే మూలల్లో సన్నని పాలరాతి స్తంభికలు. ఏథెన్స్ గుమ్మటాల పోకడే అది.

‘స్తంభాల మీద నిలిచింది’ అన్నచోట అసలు పనితనం జారిపోయింది. స్తంభాలు మోసేది నాలుగు కమానులను. కమానుల మధ్య మూలల్లో వంపు తిరిగిన ముక్కోణాలు చతురస్రాన్ని వలయంగా మారుస్తాయి, గ్రీవం ఆ వలయం మీద లేస్తుంది. గుమ్మటం బరువు కమానులను పక్కలకు నెడుతుంది. నాలుగు దిక్కులా శిలువ చేతుల్లా సాగిన కమాను కప్పులు ఆ నెట్టుడుకు ఎదురు నిలుస్తాయి. అవి లేకపోతే స్తంభాలు బయటికి ఒరుగుతాయి. కమానుకు బదులు ‘తోరణం’ రాయకండి. మనకు తోరణమంటే ముందు మామిడాకులే గుర్తొస్తాయి.

అన్నట్టు, ఆ చర్చి పేరును పొయ్యి పన్ను వసూలు చేసేవాడితో ముడిపెట్టే వ్యుత్పత్తి ఒకటుంది. గ్రీకులో ‘కప్నోస్’ అంటే పొగ.

ఇక ‘బడు’ ప్రయోగం. కర్త ఎవరో తెలిసినప్పుడు అది తెలుగు వాక్యానికి బరువే. ‘1834 నగర ప్రణాళికలో దాన్ని కూల్చేద్దామనుకున్నారు, బవేరియా రాజు లుడ్విగ్ అడ్డుపడి కాపాడాడు’ అని రాయండి.