దేవుని ప్రేమ మీద పాఠం చెప్పబోతున్న అమ్మాయికి

ఒంగోలు

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

పెద్దనాన్న వందనాలు. మీ సంఘంలో స్త్రీల సమాజానికి నాలుగు వారాలు దేవుని ప్రేమ గురించి చెప్పమని పాస్టరమ్మగారు అడిగారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "అందరూ చిన్నప్పటి నుంచీ విన్నదే కదా, నేను చెప్పేదేముంది" అన్నావట. విన్నదే కాబట్టి ఇంకా జాగ్రత్తగా చెప్పాలమ్మా.

మన సంఘాల్లో చాలామంది దేవుని ప్రేమను తమ పరిస్థితిని బట్టి కొలుస్తారు. కొడుక్కి ఉద్యోగం వస్తే దేవుడు మమ్మల్ని ప్రేమించాడంటారు. బోరులో నీళ్ళు పడకపోతే, కడుపులో బిడ్డ నిలవకపోతే, నేనేం పాపం చేశానో అని కుమిలిపోతారు. సాక్ష్యాలు కూడా మేలు జరిగినవాళ్ళే చెబుతారు. మేలు జరగని తల్లి వెనక వరసలో తలవంచుకుని కూర్చుంటుంది. నువ్వు పాఠం చెప్పేది ముందుగా ఆమెకు. దేవుని ప్రేమ ఎక్కడ కనిపిస్తుందని అడిగితే పౌలు మన ఇంటి వైపు చూపించలేదు. మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు మన కోసం చనిపోయాడు, దేవుడు తన ప్రేమను వెల్లడి చేసింది అక్కడ అని రోమా 5:8లో రాశాడు. యోహాను మొదటి పత్రిక 4:10 కూడా అదే చెబుతుంది. పంట పండినా పండకపోయినా సిలువ మారదు. ఈ ఒక్క మాట వాళ్ళ మనసుకు పట్టేదాకా రెండో వారానికి వెళ్ళకు.

దీనికి ముందుమాటగా ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయం 7, 8 వచనాలు చదివించు. మీరు ఎక్కువమంది అని దేవుడు మిమ్మల్ని ఎన్నుకోలేదు, నిజానికి మీరే అందరికంటే తక్కువమంది, ఆయన ప్రేమించాడు కాబట్టి ఎన్నుకున్నాడు అంటాడు మోషే ఇశ్రాయేలు ప్రజలతో. మన వైపు పొగాకు వేలం చూసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. అక్కడ బేలు విప్పి, ఆకు రంగు చూసి, గ్రేడు కట్టి, ఆ తర్వాత ధర పలుకుతారు. దేవుడు గ్రేడు చూసి ధర కట్టలేదు. ఆయన ప్రేమించడం వల్లే మనకు విలువ వచ్చింది.

కొందరు బోధకులు, దేవుడు ఒంటరిగా ఉండలేక మనిషిని చేసుకున్నాడని చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ అది మన విశ్వాసం కాదు. యోహాను 17:24లో యేసు తండ్రితో, జగత్తు పునాది వేయకముందే నువ్వు నన్ను ప్రేమించావు అంటాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల మధ్య ప్రేమ ఎప్పుడూ ఉంది, దానికి లోటు లేదు. మనం ఆయనకు ఏ లోటూ తీర్చక్కర్లేదు. లోటున్నవాడి ప్రేమ ఎప్పుడో ఒకప్పుడు మన దగ్గర ఏదో అడుగుతుంది. త్రిత్వం అనగానే ఆడవాళ్ళకు అర్థం కాదులే అని వదిలేయకు. ఇలా చెబితే వాళ్ళకు తప్పక అర్థమవుతుంది.

సిలువ గురించి చెప్పేటప్పుడు ఒక కథ వాడొద్దు. రైలు వంతెన దగ్గర పనిచేసే తండ్రి, ప్రయాణికుల్ని కాపాడడానికి యంత్రంలో ఇరుక్కున్న తన కొడుకును బలి ఇచ్చాడనే కథ. నువ్వూ వినే ఉంటావు. వింటుంటే కన్నీళ్ళు వస్తాయి, కానీ అది సువార్తను పాడు చేస్తుంది. ఆ కథలో పిల్లవాడికి ఏం జరుగుతోందో తెలియదు, ఎవరూ వాణ్ణి అడగలేదు. యేసు మాత్రం, నా ప్రాణం ఎవరూ నా దగ్గర నుంచి తీసుకోరు, నా అంతట నేనే పెడుతున్నాను అన్నాడు (యోహాను 10:18). కోపంగా ఉన్న తండ్రిని దయగల కొడుకు బతిమాలి శాంతపరిచాడన్నట్టు కూడా చెప్పకు. తండ్రి ప్రేమించాడు కాబట్టే కుమారుణ్ణి పంపాడు. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని 2 కొరింథీయులకు 5:19 స్పష్టంగా చెబుతుంది. తండ్రిది ఒక మనసు, కొడుకుది ఇంకో మనసు అని పిల్లలు నేర్చుకుంటే, పెద్దయ్యాక తండ్రి దగ్గరికి వెళ్ళడానికి జంకుతారు.

మరి దేవుని కోపం మాటేమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. హోషేయ 11వ అధ్యాయం తెరిచి పెట్టుకో. ఎఫ్రాయిముకు, అంటే ఇశ్రాయేలు ప్రజలకు, నడక నేర్పింది నేనే, చేతులు పట్టుకున్నది నేనే అని మొదలుపెట్టి, 8వ వచనానికి వచ్చేసరికి నిన్నెలా విడిచిపెట్టను అని ఆయన మనసే కలవరపడుతుంది. ఆ తర్వాత చెప్పే కారణం చూడు: నేను దేవుణ్ణి, మనిషిని కాను, అందుకే నా కోపాగ్నిని కుమ్మరించను. మనమైతే పరిశుద్ధుడు కాబట్టి శిక్షిస్తాడు అనుకుంటాం. హోషేయ మాత్రం, మీ మధ్య ఉన్న పరిశుద్ధుణ్ణి కాబట్టే నాశనం చేయను అన్నమాట వినిపించాడు. ఆయన కోపం నిజమే. పేదవాడి కూలి ఎగ్గొట్టేవాడి మీద, తాగొచ్చి భార్యను కొట్టేవాడి మీద కోపం రాని దేవుడు ఆ కూలివాణ్ణి, ఆ భార్యను ప్రేమిస్తున్నాడని ఎలా అంటాం? నీ ముందు కూర్చున్నవాళ్ళలో దెబ్బలు తిన్నవాళ్ళు ఉంటారు. ఆ కోపం వాళ్ళ పక్షాన ఉందని చెప్పు. ప్రేమంటే అన్నీ సహించి పడి ఉండడమని మాత్రం వాళ్ళకు చెప్పకు.

మూడో వారం మొత్తం యోహాను 11వ అధ్యాయానికి ఇవ్వు, తొందరపడొద్దు. 5వ వచనంలో మార్తను, ఆమె సహోదరిని, లాజరును యేసు ప్రేమించాడని ఉంది. వెంటనే 6వ వచనంలో, లాజరుకు జబ్బుగా ఉందని విని, ఉన్నచోటే ఇంకో రెండు రోజులు ఆగిపోయాడని ఉంది. రెండు వచనాలూ కలిపి రెండుసార్లు చదివించు. ఆలస్యం చేసినవాడు ప్రేమించినవాడే. ఎందుకు ఆగాడో ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్ళకు ఆ రోజుల్లో తెలియదు. ఆయన వచ్చాక ఇద్దరూ ఒకే మాట అన్నారు, నువ్విక్కడ ఉండుంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదని. ఆయన ఎవరినీ మందలించలేదు. మార్తకు పునరుత్థానం గురించి చెప్పాడు. ఆమె సహోదరి మరియతో కలిసి ఏడ్చాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. అక్కడున్నవాళ్ళలో కొందరు, అతణ్ణి ఎంత ప్రేమించాడో చూడండి అన్నారు. కొందరు, గుడ్డివాడి కళ్ళు తెరిచినవాడు ఇతణ్ణి చావకుండా చేయలేడా అన్నారు. యోహాను ఆ రెండో మాటను దాచలేదు. నువ్వూ దాచొద్దు. ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. లాజరును లేపినందువల్లే యూదుల పెద్దల మహాసభ కూడి, ఆ రోజు నుంచి యేసును చంపడానికి ఆలోచించింది (53వ వచనం). ఒక స్నేహితుణ్ణి సమాధి నుంచి పిలిచినందుకు తాను సమాధిలోకి వెళ్ళాల్సి వచ్చింది.

జబ్బుతో ఉన్నవాళ్ళకు మాత్రం, దేవుడు ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడనే హెబ్రీ 12వ అధ్యాయం చెప్పకు. అది హింసలు పడుతూ అలిసిపోయిన విశ్వాసులకు రాసింది. క్యాన్సర్ వార్డులో ఉన్న తల్లికి అది వేరేలా వినిపిస్తుంది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు. అలాంటివాళ్ళ దగ్గర 88వ కీర్తన చదువు. చీకటిలోనే ముగిసే ప్రార్థన అది. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు.

మన నేల మీద జరిగినదాన్ని చివరి వారానికి అట్టేపెట్టు. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళందరికీ కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళు చాలామంది. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం కోసం ఎవరూ యేసు పేరు ఎత్తకూడదని, పదిహేను నెలల పాటు ఆపేశారు. సాయం అయిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు అని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నువ్వు మాత్రం అంతకుముందు గడిచిన పదిహేను నెలల గురించి చెప్పు. తిండి పెట్టి, బదులుగా విశ్వాసం అడగలేదు. మంచివాళ్ళ మీదా చెడ్డవాళ్ళ మీదా ఎండ కాయించే దేవుణ్ణి (మత్తయి 5:45) మన ముత్తాతలు ఆ కాలువ గట్టు మీద చూశారు.

దానికి ముందు ఇంకొకటి జరిగింది. పైకులాల వాళ్ళు వచ్చి, మాదిగవాళ్ళను చేర్చుకుంటే మేము రామని క్లౌ దంపతులతో చెప్పారు. ఏం చేయాలో తోచక భార్యాభర్తలు విడివిడిగా వాక్యం తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీయులకు 1వ అధ్యాయం 26వ వచనం దగ్గర, లోకం నీచంగా చూసినవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడన్న చోటే తెరుచుకుంది. తలుపు మూయకూడదని వాళ్ళు నిర్ణయించుకున్నారు. ఇది చెప్పాక ఊరుకోకు. ఇవాళ మన సంఘాల్లో మాల, మాదిగ అని కూర్చునే చోట్లు వేరైతే, పెళ్ళి సంబంధాలకు కులం అడ్డమైతే, కళ్ళకు కనిపించే సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడన్న యోహాను మాట ఎవరికి వర్తిస్తుందో వాళ్ళనే అడుగు. కొందరికి కోపం వస్తుంది. రానివ్వు. పాస్టరుగారితో ముందే ఒక మాట అని పెట్టుకో.

ఇక చిన్న సంగతులు. రిఫరెన్సులు గడగడా చెప్పుకుపోకు. వారానికి ఒక్క భాగం చాలు, చదువురాని పెద్దవాళ్ళ కోసం నెమ్మదిగా రెండుసార్లు చదవాలి. వాళ్ళు పొలం పని నుంచి వచ్చి కూర్చుంటారు కాబట్టి ముప్పావు గంట దాటనివ్వకు. పాఠం అయ్యాక వెంటనే బండెక్కి వెళ్ళిపోకు. ఆ వెనక వరసలో కూర్చున్న ఆమె అందరూ వెళ్ళాక నీ దగ్గరికి వస్తుంది. ఆమె చెప్పేదంతా అయ్యేదాకా నువ్వు ఏ వచనమూ చెప్పొద్దు.

మీ నాన్నకూ అమ్మకూ నా వందనాలు చెప్పు.

నీ పెద్దనాన్న