గునపం పట్టే ముందు నీటి దారి చూడండి

ప్రశ్న: మా పార్కులో గుట్ట మీదికి వెళ్లే మట్టి కాలిబాట ప్రతి వానాకాలం కోసుకుపోతోంది. ఏటా కంకర పోసి చదును చేస్తున్నాం, నాలుగు వానలు పడేసరికి అదంతా కిందికి చేరుతోంది. సిమెంటు వేయించడం తప్ప వేరే మార్గం లేదా?

జవాబు: సిమెంటు మాట తరువాత చూద్దాం. ముందు, గట్టి వాన కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకొని ఆ బాట వెంట పైనుంచి కిందికి ఒకసారి నడవండి. నీరు బాటలోకి ఎక్కడ దిగుతోంది, ఎంత దూరం దాని వెంటే పరుగెడుతోంది, ఎక్కడ పక్కకు తప్పుకుంటోంది అన్నది గమనించి, ఆయా చోట్ల పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాట గుట్టను సూటిగా, నిటారుగా ఎక్కుతున్నట్టుంది. అటువంటి బాట వాన మొదలైన కాసేపటికే కాలువగా మారుతుంది. ఎంత కంకర పోసినా దాన్ని మోసుకుపోయే బలం ఆ ప్రవాహానికి ఉంటుంది.

కొండదారులు వేయడంలో అనుభవమున్నవారు పాటించే కొలత ఒకటుంది: బాట వాలు, అది సాగే గుట్ట వాలులో సగానికి మించకూడదు. గుట్ట ప్రతి 100 మీటర్ల అడ్డ దూరానికి 16 మీటర్లు లేస్తుంటే, బాట 8 మీటర్లకు మించి లేవకూడదు. మించితే నీరు బాటను అడ్డంగా దాటిపోవడానికి బదులు దాని వెంటే పల్లానికి దిగుతుంది. గుట్ట మరీ నిటారుగా ఉన్నా, బాట సగటు వాలు 10 శాతానికి లోబడి ఉండడం మంచిది. ఎత్తుపల్లాలు కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, తాపీ పనివారు వాడే నీళ్ల గొట్టం చాలు.

బాటను కొత్తగా మళ్లించే వీలు లేకపోతే ఉన్నదాన్నే సరిచేయవచ్చు. బాట పైభాగం పల్లపు అంచు వైపు కొద్దిగా ఒరిగి ఉండాలి. మీటరు వెడల్పు బాటకు బయటి అంచు 5 సెంటీమీటర్లు దిగువన ఉంటే సరిపోతుంది. అయితే జనం నడిచి నడిచి మధ్య భాగం గుంటపడుతుంది, బయటి అంచున మట్టి చిన్న కట్టలా పేరుకుంటుంది, నీరు ఆ రెండింటి మధ్య చిక్కుకుపోతుంది. చాలా చోట్ల ఆ మట్టికట్టను పారతో తీసివేయడంతోనే సగం మరమ్మతు పూర్తవుతుంది. అదీగాక, దిగుతున్న బాట అక్కడక్కడా రెండు మూడు మీటర్ల మేర మళ్లీ కాస్త ఎక్కేలా మలిస్తే, నీరు ఆ పల్లం దగ్గర వేగం కోల్పోయి పక్కకు జారిపోతుంది. సిమెంటు వేసినా నీరు ఊరుకోదు, దాని అంచు వెంట మట్టిని తొలుచుకుంటూ పోయి చివరికి పలకను గాలిలో నిలబెడుతుంది.

ప్రశ్న: మా నివాసాల పక్కన పారే చిన్న వాగు ఒడ్డు ఒకచోట విరిగిపడుతోంది. రెండు వైపులా గోడలు కట్టించి, పొదలు కొట్టించి, అలంకరణ మొక్కలూ దీపాలూ పెడదామని సంఘంలో ఎక్కువమంది అంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?

జవాబు: ఇళ్ల పునాదులకే ముప్పు ఉంటే తప్ప గోడకు నేను వ్యతిరేకిని. మెలికలు, రాళ్లు, వేళ్లు, వంగిన కొమ్మలు నీటి వేగాన్ని అడుగడుగునా తగ్గిస్తాయి. నున్నటి గోడల మధ్య అదే నీరు వేగం పుంజుకొని, గోడ ముగిసిన చోట ఒడ్డును మరింత బలంగా కొడుతుంది. మీ సమస్య తీరినట్టే కనిపిస్తుంది కాని, అది దిగువనున్నవారి వాకిట్లోకి చేరుతుంది.

పొదల విషయం ఇంకా ముఖ్యం. 10 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. అంటే ఒడ్డున నీడ కొట్టివేసిన రోజు నుంచే చేపలకు ఊపిరి సలపదు. రాలిన ఆకులు పురుగులకు మేత, ఆ పురుగులు చేపలకు మేత. కావాలంటే నీరు గలగలమంటూ పారే చోట అరచేతంత రాయి ఒకటి మెల్లగా ఎత్తి అడుగు భాగం చూడండి. ఇసుక రేణువులను దారంతో అతికినట్టు కట్టుకున్న చిన్న గొట్టాల్లో పురుగులు గాని, సన్నని మూడు తోకలతో పరుగులు తీసే పిల్లపురుగులు గాని కనిపిస్తే వాగు ఇంకా బతికే ఉందని అర్థం. ఎక్కడ చూసినా అడుగు బురదలో ఎర్రటి దారాల్లాంటి పురుగులు మాత్రమే దొరికితే ఆక్సిజన్ తగ్గిపోయిందని అనుమానించాలి. చూశాక రాయిని ఉన్నచోటే, ఉన్న తీరులోనే పెట్టండి. పై జవాబులో చెప్పిన బాట మట్టి కూడా కొట్టుకొచ్చి చేరేది ఇక్కడికే. రాళ్ల సందులు పూడిపోతే ఈ పురుగులకూ చేపల గుడ్లకూ చోటుండదు.

గోడలు కట్టినవారు వాటిని తీసివేసిన ఉదాహరణలూ ఉన్నాయి. సింగపూర్‌లోని బిషాన్–ఆంగ్ మో కియో పార్కు అంచున కల్లాంగ్ నది 2.7 కిలోమీటర్ల తిన్నని కాంక్రీటు కాలువగా ఉండేది. దాన్ని 3.2 కిలోమీటర్ల మెలికల నదిగా మార్చి 2012లో ప్రజలకు తెరిచారు. మామూలు రోజుల్లో జనం నీటి దాకా నడిచి వెళతారు, పెద్ద వాన పడితే పచ్చిక మైదానమే వరద నీటికి చోటిస్తుంది. సియోల్‌లోని చియోంగ్యెచియోన్ పేరు అంతకంటే ఎక్కువ వినిపిస్తుంది. వాగును కప్పివేసిన రోడ్డునూ, దాని పైనున్న వంతెన రహదారినీ తొలగించి, 2005లో 5.8 కిలోమీటర్ల మేర నీటిని బయటికి తెచ్చారు. అది నగరానికి గొప్ప మేలే గాని, అందులో పారే నీటిలో అధిక భాగం పంపులతో తెచ్చి పోసేదే కాబట్టి, వాగు పునరుద్ధరణకు నేను దాన్ని మొదటి ఆదర్శంగా చూపను.

మీరు చేయదగినది ఇది: ఒడ్డు నుంచి కనీసం ఐదారు మీటర్ల మేర గడ్డి కోయడం మానండి, ఆ నేలలో సహజంగా పెరిగే గడ్డినీ పొదలనూ విరిగిన చోట నాటండి, ప్లాస్టిక్ చెత్తను మాత్రం నిర్దాక్షిణ్యంగా ఏరివేయండి. పడిపోయిన దుంగ తూముకు అడ్డుపడితేనే తీయండి. దీపాలు పెట్టక తప్పకపోతే నడకదారి వైపు మాత్రమే, నేలను చూసేలా పెట్టండి. వాగు గర్భంలో ఏ పని తలపెట్టినా సంబంధిత శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ప్రశ్న: పార్కులో ఏటా మొక్కలు నాటుతున్నాం, సగానికి పైగా ఎండిపోతున్నాయి. కారణం ఏమిటి?

జవాబు: అడుగు లోతు గుంట తీసి, నిండా నీళ్లు పోసి, మరునాడు చూడండి. నీరు ఇంకా నిలిచి ఉంటే అక్కడి నేల తొక్కుడు పడి గట్టిపడిందన్నమాట, అటువంటి చోట మొక్క వేరుముద్దకు (వేళ్లూ, వాటిని పట్టుకున్న మట్టీ) రెండింతలు కాదు, మూడింతల వెడల్పు గుంట కావాలి. లోతు మాత్రం వేరుముద్ద ఎత్తుకు మించకూడదు. కాండం మట్టిలో కూరుకుపోతే మొదలు కుళ్లుతుంది. ఎండుటాకులు పాదులో పరవండి, కాండానికి ఆనించకండి. నాటే రోజు యాభై మంది వస్తారు, ఎండాకాలంలో నీళ్లు పోయడానికి ఇద్దరు మిగులుతారు. మొదటి రెండేళ్లూ ఆ ఇద్దరు ఎన్ని పాదులు తడపగలరో వారినే అడిగి, అన్ని మొక్కలే తెప్పించండి.