వెలుగు పోగుకు మడవ తీయడం

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో కాగితం మీద లెక్కగట్టిన స్వయం కేంద్రీకరణాన్ని (బలమైన లేజరు వెలుగు గాలిలో తనను తానే కుదించుకోవడాన్ని) ఇప్పుడు హైదరాబాదులో కళ్లారా చూస్తున్నావని సంతోషించాను. అయితే ఫిలమెంట్, అంటే అలా కుదిరి సన్నగా సాగే వెలుగు పోగు, ఒక్కటిగా నిలవడం లేదనీ, లేజరు పల్సు (అతి కురచ వెలుగు తునక) మారినప్పుడల్లా చోటు మారుతున్నదనీ, అందువల్ల శక్తిని పెంచి చూస్తున్నాననీ రాశావు. ఆ చివరి మాట దగ్గరే నాకు అభ్యంతరం.

800 నానోమీటర్ల కాంతికి గాలిలో సందిగ్ధ సామర్థ్యం (స్వయం కేంద్రీకరణానికి కావలసిన కనీస సామర్థ్యం), పల్సు నిడివిని బట్టి, 3 నుంచి 10 గిగావాట్ల దాకా ఉంటుంది. 40 ఫెమ్టోసెకండ్ల పల్సులో 1 మిల్లీజౌల్ ఉంటే చాలు, సామర్థ్యం దాదాపు 25 గిగావాట్లవుతుంది. కనుక నీకు శక్తి కొరత లేదు. కెర్ ప్రభావం (తీవ్రమైన వెలుగుకు గాలి కటకంలా మారడం) కిరణపుంజాన్ని కుదిస్తూ పోతే, గాలి అయనీకరణం చెంది, అంటే దాని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, పుట్టిన ప్లాస్మా దాన్ని మళ్లీ విప్పుతుంది. ఈ పెనుగులాటలో తీవ్రత చదరపు సెంటీమీటరుకు సుమారు 5×10¹³ వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఆపైన నీవు పోసే శక్తి ఉన్న పోగును బలపరచదు, పక్కన మరో పోగును పుట్టిస్తుంది. అది ఎక్కడ పుట్టాలన్నది పుంజంలోని ఎగుడుదిగుళ్ల ఇష్టం; ఈ అస్థిరతను బెస్పలోవ్, తలనోవ్ 1966లోనే లెక్కగట్టారు.

మీ తాత తోటకు నీళ్లు కట్టేటప్పుడు చూశావు కదా. మడవ తీయకుండా కాలువలోకి నీళ్లు ఎక్కువగా వదిలితే గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది. అందుకే ఆయన తనకు కావలసిన చోట ముందే మడవ తీసేవాడు. నీవూ పుంజాన్ని పూర్తిగా నున్నగా చేయాలని సంవత్సరం పోగొట్టుకోకుండా, దానిలో సహజంగా ఉన్న లోపం కన్నా బలమైన లోపాన్ని నీవే కావాలని పెట్టు. కటకాన్ని కొద్ది డిగ్రీలు వాల్చడం అన్నిటికన్నా చవకైన ఉపాయం. దానితో పోగుల అమరిక ప్రతి పల్సుకూ ఒకేలా వస్తుంది. రూపం మార్చుకునే అద్దమో, దశా ఫలకమో (వెలుగు తరంగాన్ని చోటుచోటుకూ వేర్వేరుగా ఆలస్యం చేసే పలక) దొరికితే మరీ మంచిది. వృత్తాకార ధ్రువణానికి (వెలుగు కంపించే దిశ గుండ్రంగా తిరిగే స్థితికి) మారితే సందిగ్ధ సామర్థ్యం ఒకటిన్నర రెట్లవుతుంది కాబట్టి పోగుల సంఖ్య తగ్గుతుంది.

పోగు మొదలయ్యే దూరాన్ని జరపడానికి పల్సును కుదించే కంప్రెసర్‌లోని గ్రేటింగుల (సన్నని గీతల పలకల) ఎడం సవరించి చిర్ప్ (పల్సులో రంగులు ముందువెనకలుగా రావడం) మార్చవచ్చు. కానీ ముందు పుంజం దాటివచ్చే కిటికీ అద్దాల లెక్క తీయి. గాలి విక్షేపణం (రంగులను వేర్వేరు వేగాలతో నడిపి పల్సును సాగదీసే గుణం) మీటరుకు దాదాపు 20 చదరపు ఫెమ్టోసెకండ్లు. కిటికీకి వాడే ఫ్యూజ్డ్ సిలికా గాజు అయితే మిల్లీమీటరుకే సుమారు 36. అంటే 5 మిల్లీమీటర్ల కిటికీ ఒక్కటి 9 మీటర్ల గాలితో సమానం. దాన్ని మరచి గ్రేటింగులను తిప్పుతూ కూర్చున్నవాళ్లను నేను ఎందరినో చూశాను.

పోగు దారిలో సన్నని రంధ్రమున్న పలక పెట్టి శుభ్రం చేద్దామనుకోవద్దు. నడిమి గర్భంలో ఉండేది మొత్తం శక్తిలో కొద్ది వంతే; చుట్టూ ఉన్న మసక వెలుగే దాన్ని పోషిస్తుంది. గర్భానికి ఒక నీటి బిందువు అడ్డుపడితే పోగు మళ్లీ కట్టుకుంటుంది, ఆ చుట్టుపక్కల వెలుగును అడ్డుకుంటే మాత్రం చచ్చిపోతుంది.

కొలతలో నా పొరపాటు ఒకటి చెబుతాను. వేయి పల్సుల సగటు చిత్రాన్ని చూసి పోగు లావుగా ఉందని నేను రాసుకున్నాను. నిజానికి పోగు సన్ననిదే, పైనున్న ఏసీ గాలికి అది అటూ ఇటూ ఊగింది. మూడు వారాలు లేజరునే తిట్టుకున్నాను. నీవు ఒక్కొక్క పల్సు చిత్రాన్ని విడిగా తీయి, ఏసీ గాలి పుంజం మీదికి రాకుండా గొట్టం అడ్డుపెట్టు. సెకనుకు వేయి పల్సుల వేగంలో ముందు పల్సు వేడి చేసి పలచబరచిన గాలి తరువాతి పల్సును పక్కకు నెట్టగలదు కనుక, ఆ వేగాన్ని తగ్గించి కూడా ఒకసారి చూడు.

కళ్ల సంగతి మరువకు. 800 నానోమీటర్లకని కొన్న కళ్లద్దాలు ఫిలమెంట్ విరజిమ్మే తెల్లని వెలుగును పూర్తిగా ఆపవు. తెర దగ్గర కూర్చుని చూడడం మాని, కెమెరాతో చూడు. వెలుగును కంట్లోకి తిప్పికొట్టే గాజులూ, గడియారమూ చేతికి ఉంచుకోకు.

కటకం వాల్చక ముందు తీసిన ఇరవై చిత్రాలు, వాల్చాక తీసిన ఇరవై చిత్రాలు నాకు పంపు. వాలు కోణం ఎంతో ప్రతి దాని కిందా రాయి.

ఇట్లు,
నీ మామ