ఒక్కో ఆఫీసుకీ ఒక్కో ఆటో కిరాయి

ప్రశ్న: అక్కా, మా వారి ఉద్యోగం వల్ల ఎనిమిది నెలల కిందట పార్వతీపురం నుంచి రాయగడ వచ్చాం. మా పైవాటాలో శ్రీకాకుళం వైపు అమ్మాయి ఉంది. భర్త కొడుతున్నాడు. ఎవరికి చెప్పాలని నన్ను అడుగుతోంది. నాకు ఒడియా రాదు. పోలీసుల దగ్గరికి వెళ్లాలా, సఖీ కేంద్రానికా, కోర్టుకా? లేక పుట్టింటికి పంపేయడమే మేలా?

జవాబు: చెల్లెమ్మా, ఆఫీసుల సంగతి తర్వాత. ముందు ఆ అమ్మాయిని రెండు ప్రశ్నలు అడుగు. చేతిలో డబ్బెంత ఉంది? బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గరుంది? అన్నిటికంటే ముందు డబ్బు గురించి ఎందుకు అడగమంటున్నానో తెలియాలంటే 2009లో నేను చేసిన తప్పులు నువ్వు వినాలి.

నేను 1996లో బొబ్బిలి నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చాను. 2009 నాటికి ఒడియా బాగానే మాట్లాడేదాన్ని, చదవడం మాత్రం రాదు. మా లైన్లో నాలుగో ఇంట్లో సాలూరు వైపు అమ్మాయి ఉండేది. ఒక రాత్రి మూడేళ్ల పిల్లను చంకనేసుకుని మా తలుపు కొట్టింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వాచిపోయి ఉంది. తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్లాను. దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడిగితే, ఆమె నోరు తెరిచేలోపు నేనే ‘బాత్‌రూమ్‌లో జారిపడింది’ అని చెప్పేశాను. పరువు కాపాడాననుకున్నాను. ఆయన చీటీ మీద అదే రాశాడు. కొన్ని నెలల తర్వాత కోర్టులో అవతలి వకీలు మొదట చూపించింది ఆ చీటీనే.

అక్కడి నుంచి ఠాణాకు వెళ్లాం. మూడు గంటలు కూర్చోబెట్టి ఒక కాగితం రాశారు. ఆమె సంతకం పెట్టింది, సాక్షిగా నేనూ పెట్టాను. ఒడియా అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి, చూస్తే చదవగలం అనిపిస్తుంది, ఒక్కటీ చదవలేం. ఇంటికొచ్చాక ఏడో తరగతి చదివే మా అబ్బాయి పై వరుస చదివాడు. ‘ఆపోష్ బుఝామణా’ అని ఉందమ్మా అన్నాడు. అంటే రాజీ కాగితం. ఫిర్యాదేమీ లేదు, ఇష్టపూర్వకంగానే భర్త దగ్గరికి వెళ్తున్నాను అని అందులో ఉంది. ఆ రాత్రి ఆమెను మళ్లీ ఆ ఇంట్లోకి పంపింది నా సంతకమే.

రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ కొట్టాడు. ఈసారి రైలెక్కించి పుట్టింటికి తీసుకెళ్లాను. అక్కడి స్టేషన్లో ‘ఇది ఒడిశా కేసు, అక్కడే పెట్టుకోండి’ అన్నారు. తిరిగొచ్చాం. వకీలు ఫీజుకు నా గాజులు రెండు కుదువపెట్టి పన్నెండు వేలు తెచ్చాను. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుందని అప్పటికి నాకు తెలియదు.

పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనక పేజీ నుంచి ఈ ఖర్చంతా రాశాను. ఇప్పటికీ దాచాను. మూడు నెలల్లో పద్దెనిమిది తిరుగుళ్లు. ఆసుపత్రి నుంచి ఠాణాకు ఆటో. ఠాణాలో ‘చీటీ నకలు తెండి’ అంటే మళ్లీ ఆసుపత్రికి ఆటో. కోర్టులో ‘ఠాణా కాగితం ఏదీ?’ అంటే మళ్లీ ఠాణాకు. జిరాక్సులు, స్టాంపులు, పిల్లకు బన్ను. వకీలు ఫీజు కాక 4,310 రూపాయలు. ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు ఫోన్ చేసి మాట్లాడింది ఒక్కసారి కూడా లేదు. దెబ్బలు తిన్న మనిషే కాగితాలు మోసింది. కిరాయీ ఆమెదే. నేను లేకపోతే మూడో తిరుగుడుకే డబ్బులైపోయి ఆ ఇంటికే వెళ్లిపోయేది. ఎంతమంది ఆడవాళ్లు అలా వెనక్కి వెళ్లిపోయారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆ తిరుగుడంతా అక్కర్లేదని తర్వాత తెలిసింది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఆఫీసులను కలిపే పనిని ఆ చట్టం రక్షణ అధికారికి అప్పజెప్పింది. జరిగినదంతా నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపాలి, నకలు ఠాణాకు ఇవ్వాలి. వైద్య పరీక్ష చేయించి ఆ రిపోర్టు కూడా ఇద్దరికీ చేర్చాలి. ఉచిత వకీలును, ఉండటానికి చోటును చూపించాలి. నా పద్దెనిమిది తిరుగుళ్లలో సగానికి పైగా నిజానికి ఆ అధికారి చెయ్యాల్సినవి. కాబట్టి నువ్వు ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, లేదా నేరుగా సఖీ కేంద్రానికి తీసుకెళ్లు. 2015 నుంచి వచ్చిన ఈ కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, వకీలు, కౌన్సెలింగ్ ఒకే చోట నుంచి ఏర్పాటు చేస్తారు. ఐదు రోజుల దాకా ఆడపిల్లలతో, చిన్న మగపిల్లలతో ఉండొచ్చు. అక్కడ ‘రక్షణ అధికారి నివేదిక నకలు మాకు కావాలి’ అని గట్టిగా అడుగు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఊరు, జిల్లాతో పాటు రాష్ట్రం పేరు కూడా చెప్పు. సరిహద్దులో ఉన్నాం.

పుట్టింటికి పంపినా కేసు పోదు. ఆమె తాత్కాలికంగా ఉన్న చోట కూడా కోర్టుకు వెళ్లొచ్చు, ఇచ్చిన ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. వేధింపుల కేసు పుట్టింటి ఊళ్లో కూడా పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఠాణాలో రాసింది చదివి వినిపించమను, నకలు ఉచితంగా తీసుకో. సెక్షన్లన్నీ ఫోన్లో దొరుకుతాయి, మీ పిల్లలు నాకంటే బాగా వెతుకుతారు. ఠాణా బెంచీ మీద ఎవరూ లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో మాత్రం మీకు తెలియదు.

నా తిప్పలు చూశాకే నలభై దాటిన వయసులో పలక పట్టుకుని ఒడియా అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు మా వార్డులో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. మన దగ్గర డ్వాక్రా లాగా ఇక్కడ మిషన్ శక్తి సంఘాలున్నాయి, మా సంఘంలో నేనూ ఉన్నాను. ఇంట్లో దెబ్బలు మొదట కనపడేది పోలీసులకు కాదు. బాలింతను చూడటానికి వచ్చిన ఆశా దీదీకి. పిల్ల తిండి మానేస్తే అంగన్‌వాడీలో తెలుస్తుంది. అందుకని నెలకోసారి ఆశా దీదీ, అంగన్‌వాడీ ఆమె, నేను ముగ్గురం కూర్చుంటాం, ఠాణా నుంచి మహిళా కానిస్టేబుల్‌ను కూడా పిలుస్తాం. ఒక్కటే కట్టుబాటు. ఆ మనిషి సరేననకుండా ఆమె పేరు బయటికి రాదు. ఒకసారి మంచి చేద్దామనుకుని ఒకాయన వెళ్లి భర్తకే చెప్పాడు. ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో నువ్వే ఊహించుకో. ఇల్లు వదలాలని ఆడది అనుకున్న రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ, అది మర్చిపోకు.

మళ్లీ డబ్బు దగ్గరికే వస్తున్నాను. ఒడిశాలో 2024 నుంచి ప్రభుత్వ సుభద్ర పథకం డబ్బు ఏడాదికి పదివేలు అర్హులైన ఆడవాళ్ల ఖాతాలోనే పడుతోంది. కానీ నేను చూసిన ఇళ్లలో పాసుబుక్కు అత్తగారి బీరువాలో, ఏటీఎం కార్డు భర్త జేబులో ఉంటున్నాయి. ఆమె బంగారం, సామాన్లు తిరిగి ఇప్పించమని కోర్టును అడగొచ్చు. ఉమ్మడి ఖాతా, లాకరు అతను ముట్టకుండా ఆపమని కూడా అడగొచ్చు. కేసు తేలేలోపే నెలనెలా ఖర్చుకు మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. ఇల్లు ఆమె పేర లేకపోయినా ఆమెను బయటికి గెంటకూడదు. ఇవన్నీ వకీలుతో మొదటి రోజే రాయించు, ‘తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోకు.

ఆ అమ్మాయి భర్త డ్యూటీకి వెళ్లాక ఆమెను కూర్చోబెట్టి ఆధార్, పాసుబుక్కు, పిల్లల జనన పత్రాలు, నగల బిల్లులు ఫోటోలు తీయించు. అవి ఆమె ఫోన్లో వద్దు, నీ ఫోన్లో ఉండాలి. ఆమె ఒక్కతి పేర ఖాతా లేకపోతే ఈ వారమే తెరిపించు, దానికి నీ ఫోన్ నంబరు ఇవ్వకు, ఆమె పుట్టింట్లో నమ్మకమైన వాళ్లదీ వద్దు, ఆమెకే కొత్త సిమ్ కొని అది ఇవ్వు. దెబ్బలుంటే డాక్టరుకు ఎలా తగిలాయో ఆమెనే చెప్పనివ్వు, నువ్వు మాట్లాడకు. ఒక రెండు వేలు చిన్న నోట్లుగా నీ దగ్గర పక్కన పెట్టు, ఆటోకు చిల్లర అడుగుతారు. ఒడియాలో ఏ కాగితం ఇచ్చినా సంతకానికి ముందు ఫోటో తీసి నాకు పంపు. రాత్రి పన్నెండైనా చదివి చెప్తాను.